చిన్నబోవడాన్ని ఇంగ్లీషులో ఏమంటారు?

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. బళ్లో ఒడియాలో చదివాను, డిగ్రీ ఇంగ్లీషులో. ఇప్పుడు బరంపురంలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. కిందటి నెల మా సెక్షన్‌లో ఒకాయన తండ్రిగారు పోయారు. ఆఫీసు గ్రూపులో సంతాపం మెసేజ్ నన్ను రాయమన్నారు. దుఃఖానికి మంచి ఇంగ్లీషు మాట కోసం ఫోన్‌లో వెతికితే ‘షగ్రిన్’ అని కనిపించింది. ‘విత్ గ్రేట్ షగ్రిన్’ అని మొదలుపెట్టి రాశాను. మర్నాడు మీటింగులో పై అధికారి దాన్ని గట్టిగా చదివి, ‘తండ్రి పోతే షగ్రిన్ ఏమిటి, బస్సు తప్పిపోయినట్టు?’ అన్నారు. అందరూ నవ్వారు. సర్దిచెప్పుకోబోయి ఆ మాటను ‘ఛాగ్రిన్’ అని పలికాను. మళ్లీ నవ్వారు. శనివారం ఇంటికి వెళ్తే మా అమ్మ గుమ్మంలోనే ‘అలా సిన్నబోయి ఉన్నావేటమ్మా?’ అంది. ఏమీ చెప్పలేకపోయాను. ఇంతకీ ఆ మాటకు అర్థం ఏమిటి, ఎక్కడ వాడాలి? తెలుగులో దానికి మాట ఉందా? ఆ కుటుంబానికి నేను క్షమాపణ చెప్పాలా? మూడు భాషలూ నాకు సగం సగమే వచ్చాయేమో అని దిగులుగా ఉంది. చివరగా ఒక చిన్న సందేహం: మా అమ్మ అడిగిన మాటను ఇంగ్లీషులో ఎలా అంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ పెద్దాయన ఇంటి సంగతి చూద్దాం. మాట సంగతి తరవాత.

ఆ కుటుంబానికి నువ్వు క్షమాపణ చెప్పుకోవలసిన పని లేదు. తండ్రి పోయిన ఇంట్లో ఎవరూ మెసేజ్‌లలో ఇంగ్లీషు సరిచూస్తూ కూర్చోరు. ఎవరు వచ్చారు, ఎవరు ఫోన్ చేశారు, ఎవరు పలకరించలేదు, అవే వాళ్లకు గుర్తుంటాయి. ఈపాటికి ఆయన కర్మకాండలు ముగించుకుని ఆఫీసుకు వస్తూనే ఉంటారు. ఒంటరిగా కనిపించినప్పుడు దగ్గరకు వెళ్లు. ఆయనది ఒడియా అయితే ఒడియాలో, తెలుగైతే తెలుగులో, నాన్నగారికి ఏమైంది, అమ్మగారు ఎలా ఉన్నారు, అని అడుగు. ఆ మెసేజ్ ఊసు మాత్రం ఎత్తకు. ఎత్తితే ఆయన తన దుఃఖం పక్కనపెట్టి నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. ముందు ముందు మళ్లీ ఇలాంటిది రాయాల్సి వస్తే ‘విత్ డీప్ సారో’ అని మొదలుపెట్టు. వందసార్లు విన్న మాటే, అయినా చావు కబురు దగ్గర కొత్త మాట కోసం వెతకనక్కర్లేదు. అందరూ అనేదే అక్కడ మర్యాద.

నవ్వించిన ఆ పై అధికారి గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. తప్పు రాసిన మనిషిని పక్కకు పిలిచి చెప్పొచ్చు. ఒకరి తండ్రి చావు కబురును పదిమందిలో చదివి నవ్వులపాలు చెయ్యడం నీ మాట పొరపాటు కంటే చాలా పెద్ద పొరపాటు.

ఇక మాట. సి, హెచ్, ఏ, జి, ఆర్, ఐ, ఎన్. మొదటి రెండక్షరాలనూ చూసి ‘ఛ’ అనుకోవడం ఎవరికైనా సహజమే, చైర్, చాక్, చెక్కు అన్నీ అలాగే పలుకుతాం కదా. కానీ ఇది ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. అటునుంచి వచ్చిన మాటల్లో ఆ రెండక్షరాలకూ సాధారణంగా ‘ష’ పలుకుతుంది. పారాషూట్, షెఫ్, బ్రోషర్ అన్నీ ఆ కోవలోవే. మెషీన్ కూడా అంతే. మన ఇళ్లలో కుట్టుమిషను దగ్గర ఆ మాటను ఎంతకాలం నుంచో సరిగ్గానే పలుకుతున్నాం, స్పెల్లింగ్ చూడలేదు కాబట్టి. అమెరికావాళ్లు షగ్రిన్‌లో రెండో భాగాన్ని ఒత్తి పలుకుతారు. ఇంగ్లండులో మొదటి భాగం మీద ఊనిక, ‘షాగ్రిన్’ అన్నట్టు వినిపిస్తుంది. ఏది అలవాటైతే అది పలుకు, రెండూ ఒప్పే. చివర ‘గ్రిన్’ కనబడుతోంది కదా అని పళ్లు కనబడేలా నవ్వే నవ్వుకూ దీనికీ చుట్టరికం కలపకు.

ఈ మాటను నేనూ ఒకప్పుడు నీలాగే పలికాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, టీచర్ల శిక్షణ తరగతిలో పాఠం పైకి చదువుతూ ‘ఛాగ్రిన్’ అన్నాను. ఎవరూ ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పక్క జిల్లా నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా పక్కన ఆకు వేయించుకుని కూర్చుని, పప్పు కలుపుకుంటూ, ‘ఆ మాటను షగ్రిన్ అంటారండీ’ అన్నారు. అంతే, వెంటనే చారు బాగుందన్నారు. నలభై ఏళ్లు దాటింది. ఆయన అలా చెప్పబట్టే ఆ మాట మీద నాకు ఇష్టం మిగిలింది. నీకు ఇంత పొడుగు జవాబు రాయడానికి అదీ ఒక కారణం.

అర్థం చెప్పడానికి మీ ఊరి వస్తువునే తీసుకుంటాను. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరున్న ఊరు. నువ్వు దూరాన ఎక్కడో స్నేహితురాలి పెళ్లికి కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ పట్టుకెళ్లావు అనుకో. పందిట్లో పదిమందిని కూడగట్టి, ‘మా ఊరి పని చూడండి, ఇలాంటి పనివాళ్లు ఇంకెక్కడా లేరు’ అని చెప్పి, అట్టపెట్టె తెరిచావు. తీరా చూస్తే కొంగ మెడ విరిగి ఉంది. ఆ క్షణాన నీకు లోపల కలిగేది షగ్రిన్.

అదే బొమ్మ విరిగిన సంగతి ముందే, రైల్లో ఒంటరిగా పెట్టె తెరిచినప్పుడు చూశావనుకో. అయ్యో అనిపిస్తుంది, అది డిసప్పాయింట్‌మెంట్, ఆశాభంగం. బొమ్మ గొడవ లేకుండా ఆ పందిట్లోనే కాలు జారి పడ్డావనుకో. సిగ్గేస్తుంది. అక్కడ ఆశ పెట్టుకున్నదేమీ లేదు, అది ఎంబరాస్‌మెంట్. బొమ్మ బాగానే ఉంది, కానీ పెళ్లివారిలో ఒకరు దాన్ని పైకెత్తి, ‘బహుమతి అంటే ఇదా?’ అన్నారనుకో. అది అవమానం, హ్యుమిలియేషన్, అది ఎదుటివాళ్లు చేసేది. షగ్రిన్‌లో ఎదుటివాళ్లు ఏమీ చెయ్యనక్కర్లేదు. మనం ఆశపడ్డాం, లేదా ధీమాగా ఉన్నాం. అది కాస్తా తలకిందులైంది. ఆ తలకిందులవడం మన అభిమానానికి తగిలింది. చుట్టూ చూసేవాళ్లు ఉంటే మరీ బాగా తగులుతుంది. ఎవరూ లేకపోయినా, ఎవరికైనా తెలిస్తే ఎలా ఉంటుందో అన్న ఊహ చాలు.

ఇందులో బాధ ఉంది, కానీ పెద్ద బాధ కాదు. కోపం ఉంది, అది సగం మన మీదే. సిగ్గు ఉంది, కానీ చెడ్డపని చేసిన సిగ్గు కాదు. వీటిలో ఏ ఒక్కటి పెరిగినా ఆ మాట ఇక సరిపోదు. మయసభలో దుర్యోధనుడు నేల అనుకుని నీళ్లలో కాలు పెట్టి పడినప్పుడు, చుట్టూ ఉన్నవాళ్లు నవ్వినప్పుడు, మొదట అతనికి కలిగింది ఇదే అయి ఉండవచ్చు. ఇంటికి వెళ్లేలోగా అది పగ అయిపోయింది. పగకు ఈ మాట చాలదు.

భారతంలోనే దీనికి ఇంకా దగ్గరి మనిషి ఉత్తర కుమారుడు. అంతఃపురంలో ఆడవాళ్ల మధ్య, సారథి ఒక్కడు దొరికితే కౌరవుల్ని ఊడ్చేస్తానన్నాడు. బొమ్మలకు కట్టడానికి కౌరవుల మంచి బట్టలు తెమ్మని ఆడపిల్లలు అడిగి పంపించారు. కౌరవసేన కనబడగానే రథం దూకి పరుగెత్తాడు. ఆ పరుగు షగ్రిన్ కాదు, వట్టి భయం. అర్జునుడు పట్టుకుని వెనక్కి తెచ్చాడు కాబట్టి కథ మరో దారి పట్టింది. తేకుండా వదిలేసి ఉంటే, ఉత్తరుడు చేతులు ఊపుకుంటూ ఆ బొమ్మల పిల్లల ముందుకు వెళ్లి నిలబడవలసి వచ్చేది. అప్పుడు ఆ మొహం మీద కనిపించేదానికి ఇంగ్లీషువాడు వాడే మాట ఇదీ.

వాడుక దగ్గరికి వస్తే, ఈ మాట ఒంటరిగా తిరిగేది కాదు. నూటికి తొంభైసార్లు ‘టు’ అనే చిన్నమాటను వెంటబెట్టుకుని వస్తుంది. ‘టు మై షగ్రిన్’, ‘మచ్ టు హర్ షగ్రిన్’, ‘టు ద షగ్రిన్ ఆఫ్’ అంటూ ఎవరిదో ఒకరి పేరు. వాక్యం మొదట్లో దీన్ని నిలబెట్టి, పక్కన కామా పెడతారు, జరిగింది తరవాత చెబుతారు. ‘టు మై షగ్రిన్, ద నెక్ వాజ్ బ్రోకెన్.’ జరిగిన సంగతి మెడ విరగడం, దానికి నా మొహం ఎలా అయిందో ముందే చెప్పేస్తున్నాను. విశేషణంగా వాడాలంటే చివర ‘డ్’ చేర్చి షగ్రిన్‌డ్ అనాలి. ‘షి వాజ్ షగ్రిన్‌డ్ టు ఫైండ్ ద బాక్స్ ఎంప్టీ.’ ‘ఐ యామ్ వెరీ షగ్రిన్’ అనకూడదు, మనం ‘నేను చాలా చిన్నబోవడం’ అనం కదా. బహువచనం పాత పుస్తకాల్లో కనిపిస్తుంది, ఇప్పుడు వాడరు. మాటల్లో కంటే రాతలో ఎక్కువ కనిపిస్తుంది. ఇద్దరు స్నేహితులు టీ తాగుతూ ఈ మాట వాడితే కొంచెం బరువుగా ఉంటుంది. వార్తల్లో మాత్రం తరచూ ఎదురవుతుంది, ఫలానా నిర్ణయం ఫలానా పార్టీవాళ్లకు షగ్రిన్ కలిగించింది అన్నట్టు.

చావు, జబ్బు, వరద, ప్రమాదం, వీటి దగ్గర దీన్ని పెట్టకూడదు. ఆ సందర్భాల్లో మన అభిమానం ఊసు రాకూడదు కాబట్టి. నీ మెసేజ్‌లో జరిగింది అంతే. ‘పెద్దాయన పోయినందుకు మేం చిన్నబోయాం’ అన్నట్టు వచ్చింది.

మరి నీ ఫోన్ దుఃఖం అని ఎందుకు చూపించింది? అది అబద్ధం చెప్పలేదు, వేరే కాలం సంగతో వేరే దేశం సంగతో చెప్పింది. ఫ్రెంచిలో ఈ మాటకు ఈనాటికీ దుఃఖం, మనోవేదన అనే అర్థం. ప్రేమ చెడిపోయిన బాధకు కూడా ఫ్రెంచివాళ్లు వాడేది ఇదే. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చినప్పుడు దీనికి దిగులు, విచారం అనే అర్థమే ఉండేది. రాను రాను ఇంగ్లీషువాళ్లు దాన్ని ఒక మూలకు జరిపి, అభిమానం దెబ్బతిన్న ఆశాభంగానికే కట్టేశారు. అంటే మూడున్నర శతాబ్దాల కిందట నువ్వు ఆ మెసేజ్ రాసి ఉంటే ఎవరూ నవ్వేవారు కాదు. ఒక ఫ్రెంచివాడు ఇవాళ చదివినా నువ్వు ఏమనబోయావో అతనికి తెలుస్తుంది. ఇది నీ మనసు నిమ్మళించడానికి కల్పించి చెబుతున్నది కాదు, ఆ మాట నడిచిన దారే అది. మన ‘సంభావన’ చూడు, ఒకప్పుడు గౌరవం, ఇప్పుడు బ్రాహ్మడి చేతిలో పెట్టే డబ్బు. పాత నిఘంటువు పట్టుకుని వచ్చినవాడు దాన్ని తప్పుచోట వాడితే వాడికి తెలుగు రాదని కాదు, నేటి తెలుగు చెవిన పడలేదని.

ఈ మాటకు ఇంకొక చుట్టం ఉన్నాడు, ఆ కథ చెప్పకుండా ఉండలేను. ఫ్రెంచిలో ఇదే స్పెల్లింగ్‌తో ఒక రకం గరుకు తోలు ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని షగ్రీన్ అని వేరే స్పెల్లింగ్‌తో రాసుకున్నారు. గుర్రం పిరుదుకు టర్కీ భాషలో ఉన్న మాట నుంచి ఆ తోలు పేరు వచ్చింది. గుర్రానిదో గాడిదదో వెనకభాగం తోలు తీసుకుని, తడిగా ఉండగా దాని మీద గట్టి గింజలు పరిచి అదిమేవారు. ఎండాక గింజలు దులిపేస్తే తోలంతా గుంటలు గుంటలుగా, గరుకుగా తేలేది. తరవాత తరవాత సొరచేప, టేకుచేపల చర్మాలకు కూడా ఆ పేరే పెట్టారు. ఆకుపచ్చ రంగు వేసి కత్తిపిడులకూ పెట్టెలకూ తొడిగేవారు. ఆ చేపల చర్మంతో చెక్క సామాను రుద్ది నునుపు చెయ్యడం కూడా ఉంది. అందుకని కొందరు పదచరిత్రకారులు ఈ రెంటినీ కలిపారు, గరుకు తోలు వస్తువును రాపాడినట్టు మనసును రాపాడే బాధ అని. అందరూ ఒప్పుకున్న మాట కాదు కాబట్టి పరీక్షలో రాయకు. గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఇంతకంటే మంచి ఆనవాలు దొరకదు. మీ ఊళ్లో కొమ్మును ఆకురాయితో రాకి రాకి, మెరుగు పెట్టి కొంగను చేస్తారు కదా. ఆ రాపిడి శబ్దం నువ్వు చిన్నప్పటి నుంచీ విని ఉంటావు. మీటింగులో అందరూ నవ్వుతుంటే లోపల గీరుకున్నదీ అలాంటిదే.

తెలుగులో దీనికి మాట ఉందా అన్నావు. ఒకటి కాదు, చాలా ఉన్నాయి, కానీ ఏదీ నూటికి నూరుపాళ్లు అదే కాదు. నామోషీ ఉంది. అది సాధారణంగా పని చెయ్యకముందే వస్తుంది. కొట్లో కూర్చోవడం నామోషీ, అడగడం నామోషీ అంటాం. షగ్రిన్ జరిగిపోయాక వచ్చేది. భంగపాటు ఉంది. వార్తల్లో కనిపించే ‘టు ద షగ్రిన్ ఆఫ్’కు అది చక్కగా అతుకుతుంది, టికెట్ వస్తుందని ఆశపడి భంగపడ్డారు అన్నప్పుడు. కాకపోతే అది కాస్త పెద్ద దెబ్బ, బొమ్మ మెడ విరగడానికి భంగపాటు ఎక్కువ. ఖిన్నుడయ్యాడు అనేది పుస్తకాల మాట. ఉసూరుమనడంలో ఆశ పోవడం ఉంది, సిగ్గు లేదు. తల కొట్టేసినట్టయింది అనడంలో సిగ్గు ఉంది, ఆశ లేదు.

ఇదైపోవడం అని ఒకటుంది, గమనించావా? ‘ఆ మాట అనేసరికి నేనెంత ఇదైపోయానో’ అంటారు మన ఆడవాళ్లు. ఏదైపోయారో చెప్పరు. చెప్పడానికి నోరు రాని భావానికి ‘ఇది’ అని ఒక ఖాళీ చోటు వదిలి, వినేవాళ్లు మొహం చూసి పూరించుకుంటారన్న నమ్మకంతో ముందుకు వెళ్లిపోతారు. షగ్రిన్‌ను ఇంత సున్నితంగా పట్టుకున్న తెలుగు వాడుక నాకు ఇంకొకటి తెలియదు.

‘తీరా’ సంగతి కూడా చెప్పాలి. ‘టు మై షగ్రిన్, ద షాప్ వాజ్ క్లోజ్‌డ్’ అన్నదాన్ని తెలుగులో రాయమంటే నా విద్యార్థులు ‘నా ఆశాభంగానికి, కొట్టు మూసి ఉంది’ అని రాసేవారు. అది తెలుగు కాదు. మనం ఏమంటాం? ‘తీరా వెళ్తే కొట్టు మూసేసి ఉంది’ అంటాం. వాళ్లు ఒక నామవాచకంతో చెప్పే నిరాశ అంతా మనకు ఆ రెండక్షరాల్లో ఉంది. ఎండలో నడవడం, దారంతా ఆశ, చివరికి గొళ్లెం, అన్నీ అందులోకే వచ్చేస్తాయి. సిగ్గు కూడా చెప్పాలంటే ‘తీరా అందరినీ వెంటేసుకుని వెళ్తే’ అంటే సరి. అనువాదం చేసేటప్పుడు ప్రతి ఇంగ్లీషు నామవాచకానికీ ఒక తెలుగు నామవాచకం వెతుక్కోవద్దని నా పిల్లలకు చెప్పేవాణ్ణి. నీకూ అదే చెబుతున్నాను.

వీటన్నిటిలోకీ మనిషి లోపలికి దగ్గరగా ఉన్నది మాత్రం చిన్నబోవడమే. చిన్న అయిపోవడం. ఇంగ్లీషువాళ్లు కూడా ఫీలింగ్ స్మాల్ అంటారు, రెండు భాషలూ ఒకే కొలత పట్టుకున్నాయి. తెలుగులో దీనికి ఉన్న వెసులుబాటు ఇంగ్లీషు మాటకు లేదు. నువ్వు చిన్నబోయావు. నిన్ను చిన్నబుచ్చింది ఆ మీటింగులో నవ్వించిన మనిషి. చిన్నబుచ్చుకోవద్దని నేను అంటున్నాను. ఒకే వేరు నుంచి జరిగినది ఒకటి, చేసినది ఒకటి, తన మీదకు తెచ్చుకునేది ఒకటి, మూడూ విడివిడిగా మొలిచాయి. షగ్రిన్‌ను క్రియగా వాడడం ఇంగ్లీషులో ఉంది కానీ అరుదు. వాడినా ఇన్ని తేడాలు చూపించలేదు.

నీకు ఇంకొక భాష కూడా ఉంది. ఒడియాలో ఇలాంటి మొహం చూసి ‘ముహఁ సుఖిగలా’ అంటారు, మొహం ఎండిపోయిందని. నీ చెవిలో అది బడి నుంచీ ఉండే ఉంటుంది. తెలుగులో మొహం చిన్నదవుతుంది, ఒడియాలో ఎండిపోతుంది. ఇంగ్లీషు మాట మొహం దాకా రాకుండా లోపలే ఉంటుంది. ఒకే భావాన్ని మూడు వైపుల నుంచి చూడగల మనిషివి నువ్వు. బరంపురంలోనో భువనేశ్వర్‌లోనో ఒక్క భాషలోనే పెరిగినవాళ్లకు ఇది దొరకదు. సగం సగం వచ్చాయని దిగులన్నావు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. ఇంటి తెలుగూ బడి ఒడియా అక్కడి నుంచి పక్కపక్కనే నడుస్తున్నాయి. మహేంద్రతనయ ఒడ్డున పుట్టినవాళ్లకు ఇది మూడు నాలుగు తరాల అలవాటు, నీ ఒక్కదాని లోటు కాదు.

పైగా నీది ఏ ఊరు! గిడుగు రామమూర్తి పంతులుగారు రాజావారి బళ్లో పాఠాలు చెప్పిన ఊరు. ఆయన సవర భాష నేర్చుకున్నది పుస్తకాలు చూసి కాదు. అప్పటికి ఆ భాషకు అలాంటి పుస్తకాలే లేవు. సవరల దగ్గర కూర్చుని, వాళ్ల నోట విని, ఏ మాట ఎప్పుడు అంటున్నారో చూసి నేర్చుకున్నారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. ఆయనే తెలుగు దగ్గర పండితులతో ఏళ్ల తరబడి తగవు పడ్డారు, జనం నోట్లో బతికి ఉన్నదే భాష అని. ఇంగ్లీషుకూ ఆ పద్ధతే పనికొస్తుంది. ఒక కొత్త మాట ఫోన్‌లో కనిపిస్తే అర్థం ఒక్కటీ చూసి వదిలెయ్యకు. అదే మాట ఉన్న నాలుగైదు వాక్యాలు వార్తల్లో వెతికి చదువు. ఎవరు, ఎవరితో, ఏం జరిగినప్పుడు ఆ మాట అన్నారో చూడు. షగ్రిన్‌కు అలా చూసి ఉంటే, ఆ వాక్యాల్లో ఓడిన జట్లూ, తప్పిన అంచనాలూ, మూసి ఉన్న తలుపులూ కనిపించేవి. చావు ఒక్కటీ కనిపించేది కాదు. అక్కడే నీ చెయ్యి ఆగిపోయేది.

ఇక మీ అమ్మగారి మాట. ‘అలా సిన్నబోయి ఉన్నావేటమ్మా?’ దీన్ని ఇంగ్లీషులో చెప్పాలంటే షగ్రిన్ వాడకు. ఎందుకంటే అది నీ లోపల జరిగినది, నువ్వు చెప్పుకోవలసిన మాట. గుమ్మంలో నిలబడి కూతురి మొహం చూసిన మనిషికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది, క్రెస్ట్‌ఫాలెన్. తలమీద తురాయి వాలిపోయినట్టు అని దాని అర్థం, పందెంలో ఓడిన కోడికి వాలిపోయేది అదే. ‘వై డూ యూ లుక్ సో క్రెస్ట్‌ఫాలెన్?’ అంటే సరిపోతుంది. చివరి ‘అమ్మా’ను మాత్రం ఇంగ్లీషులోకి తేలేం. తల్లి కూతుర్ని అమ్మా అని పిలవడం అక్కడ లేదు.

మీ అమ్మగారికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయానన్నావు. వచ్చే శనివారం వెళ్లినప్పుడు మీటింగులో జరిగింది చెప్పు. ఆవిడకు ఇంగ్లీషు రానక్కర్లేదు, తీరా అనే మాటతో మొదలుపెట్టు.